అడవి పందుల నుండి పంట రక్షణ

అడవిని ఆనుకొని ఉన్న పొలాలలో అడవి పందులు పంటను పాడుచేయకుండా రైతులు అనుసరించే పద్ధతులను పంట రక్షణ లేదా చేను కాపలా అంటారు. మంచె మీద కూర్చుని రాత్రంతా మేలుకొని ఉండటం వీటిలో అన్నిటికంటే పాతది. నేడు సౌర విద్యుత్ కంచెల వరకు అనేక పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఏ ఒక్క పద్ధతీ ఎల్లకాలం పనిచేయదు కాబట్టి రెండు మూడింటిని కలిపి, మార్చి మార్చి వాడటం ఈ విద్యలోని ముఖ్య సూత్రం.

పెనుబల్లి ప్రాంతం

పెనుబల్లి తెలంగాణ రాష్ట్రం, ఖమ్మం జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రం. ఈ మండలానికి ఒక వైపు కనకగిరి గుట్టల అడవి ఉన్నది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయినప్పటికీ, అడవి మాత్రం రెండు జిల్లాలలోనూ వ్యాపించి ఉన్నది. జిల్లాలో వరి, మొక్కజొన్న, పత్తి, మిరప, మామిడి, ఆయిల్ పామ్ సాగు చేస్తారు. అడవి అంచున ఉన్న చేలకు అడవి పందుల వలన, కోతుల వలన నష్టం ఎక్కువ. కోతులు పగలు వస్తాయి, పందులు రాత్రి వస్తాయి. అందువలన రైతుకు రెండు పూటలా కాపలా తప్పదు.

అడవి పంది అలవాట్లు

అడవి పందులు గుంపులుగా తిరుగుతాయి. పగలు పొదలలో, వాగుల వెంట దాగి ఉండి చీకటి పడిన తరువాత మేతకు బయలుదేరుతాయి. వీటికి చూపు తక్కువ, కాని వాసన పసిగట్టే శక్తి, వినికిడి చాలా ఎక్కువ. గర్భధారణ కాలం సుమారు 115 రోజులు. ఒక్క ఈతలో పలు పిల్లలు పుట్టడం వలన వీటి సంఖ్య త్వరగా పెరుగుతుంది.

పంది ముట్టెతో నేలను పెకలించి దుంపలను, వేరుశనగ కాయలను, కొత్తగా నాటిన విత్తనాలను తింటుంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశలో కర్రలను పడదోసి కంకులు నములుతుంది. తిన్నదానికంటే తొక్కి పాడుచేసినదే ఎక్కువగా ఉంటుంది. అందుచేత ఒక్క రాత్రి ఏమరినా ఆరుగాలం కష్టం నేలపాలవుతుంది.

సంప్రదాయ పద్ధతులు

*మంచె: నాలుగు గుంజలు పాతి, వాటిపై కర్రలు పరచి, పైన గడ్డి కప్పు వేసిన ఎత్తైన అటక. చేను నాలుగు మూలలూ కనబడటానికి, విష పురుగుల నుండి రక్షణకు కూడా ఇది పనికివస్తుంది.
*చప్పుళ్ళు: డప్పు, ఖాళీ డబ్బాలు, కేకలు, టపాసులు.
*వడిసెల: రాయి పెట్టి తిప్పి విసిరే తాటి సాధనం. పిట్టలను, కోతులను తోలడానికి ఎక్కువగా వాడతారు.
*నెగడు: చేను గట్టున రాత్రంతా మండే మంట.
*ముళ్ళ కంప: తుమ్మ, రేగు కంపలతో చేను చుట్టూ వేసే వెలుగు.
*పాత చీరలు: చేను చుట్టూ కర్రలకు చీరలు కట్టి తెరలా నిలబెడతారు. చూపు తక్కువైన పందులు వాటిని అడ్డుగా భావించి వెనుదిరుగుతాయి.

వాసనలు, సరిహద్దు పంటలు

పంది వాసన మీద ఆధారపడి మేత వెతుకుతుంది కాబట్టి ఆ శక్తినే దెబ్బతీయడం మరొక మార్గం. క్షౌరశాలల నుండి తెచ్చిన వెంట్రుకలను గట్ల వెంట చల్లుతారు. పంది నేలను వాసన చూసినప్పుడు అవి ముక్కులోకి పోయి చికాకు కలిగిస్తాయి. ఊర పంది పేడ కలిపిన నీటిని సరిహద్దున చల్లితే వేరొక గుంపు అక్కడ ఉన్నదని భావించి దూరంగా పోతాయని చెబుతారు. వాన పడిన తరువాత వీటిని మరల చల్లాలి. చేను చుట్టూ నాలుగైదు వరుసల ఆముదం లేదా ముళ్ళు గల కుసుమ వేయడం కూడా ఒక పద్ధతి.

కంచెలు, కందకాలు

పొలం చుట్టూ కందకం తవ్వడం, ఇనుప వల బిగించడం ఖర్చుతో కూడిన పనులైనా ఎక్కువ కాలం నిలుస్తాయి. పంది పై నుండి దూకటం కంటే కింద నుండి దూరటానికే ప్రయత్నిస్తుంది. కాబట్టి వల అడుగు భాగం నేలలోకి దిగి ఉండాలి.

సౌర కంచెలో బ్యాటరీ నుండి వచ్చే విద్యుత్తును ఒక యంత్రం అధిక వోల్టేజి గల అతి స్వల్ప స్పందనలుగా మార్చి, సుమారు సెకనుకు ఒకటి చొప్పున తీగలోకి పంపుతుంది. తగిలిన జంతువుకు గట్టి షాక్ కలుగుతుంది కాని ప్రాణం పోదు. తీగకు కలుపు మొక్కలు తగిలితే దీని శక్తి తగ్గుతుంది.

విద్యుత్ తీగల ప్రమాదం

కొందరు సౌర కంచె బదులు 230 వోల్టుల సరఫరా లైనుకు నేరుగా తీగ తగిలించి పొలం చుట్టూ వేస్తారు. ఈ విద్యుత్తు ఆగకుండా ప్రవహించడం వలన పట్టుకున్న కండరాలు బిగుసుకుపోయి, తగిలినవారు విడిపించుకోలేరు. పందులే కాక పశువులు, పక్క చేనుకు నీరు పెట్టవచ్చిన రైతులు, కొన్నిసార్లు తీగ వేసినవారే మరణిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపు జరుపుతున్న గ్రేహౌండ్స్ ఉద్యోగి ఒకరు ఇటువంటి తీగ తగిలి మరణించారు. ఇది విద్యుత్ చౌర్యం కూడా. విద్యుత్ చట్టం, 2003లోని 135వ సెక్షన్ ప్రకారం దీనికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. మనుషులు మరణిస్తే వేరుగా క్రిమినల్ కేసు నమోదవుతుంది.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పందిని అనుమతి లేకుండా చంపడం, ఉచ్చులు పెట్టడం నేరం. మొదట ఇది మూడవ షెడ్యూలులో ఉండేది. 2022 నాటి సవరణ తరువాత రెండవ షెడ్యూలులోకి చేరింది. పంట నష్టం తీవ్రంగా ఉన్నచోట 11వ సెక్షన్ కింద అధికారులు వేటకు అనుమతి ఇవ్వవచ్చు.

ఇతర విశేషాలు

*హాలుడు సంకలనం చేసిన ప్రాకృత గ్రంథం గాథాసప్తశతిలో చేను కాపలా కాసే స్త్రీల ప్రస్తావనలు ఉన్నాయి.
*2011లో పూర్తి రూపంలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటరు ఆటలో కూడా చీకటి పడగానే శత్రు జీవులు వస్తాయి. ఆటగాడు దివిటీలు, గోడలు, కందకాలతో తన నివాసాన్ని కాపాడుకోవాలి. ఆటలో దివిటీ వెలుగు పడినచోట ఆ జీవులు పుట్టవు. చేలో అలా కాదు. పందులు కొద్ది రోజులలోనే వెలుగుకు, చప్పుడుకు అలవాటు పడతాయి. రైతు తన ఉపాయాన్ని మార్చుకుంటూ ఉండవలసిందే.

ఇవి కూడా చూడండి

*మంచె
*వడిసెల
*పెనుబల్లి