దిద్దుబాటు జాడ: తాళపత్రం నుంచి వర్డ్ ఫైలు దాకా

సంగారెడ్డి జిల్లా కర్దనూరు పటాన్‌చెరు మండలంలోని గ్రామం. ఔషధ పరిశ్రమల వలయంగా నేడు పేరుపడిన ఈ ప్రాంతానికి పాఠపరిష్కరణ చరిత్రతోనూ సంబంధం ఉంది. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో (1550–1580) పొన్నిగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. అది తొలి అచ్చతెలుగు కావ్యంగా ప్రసిద్ధం. లేఖకుడు ఒక దేశ్యపదానికి బదులు తత్సమం రాస్తే ఛందస్సు చెడకపోవచ్చు గాని కావ్యనియమం చెడుతుంది. అట్లాగని ప్రతుల్లో కనిపించిన తత్సమాన్నల్లా పరిష్కర్త మార్చివేస్తే, కవి సడలింపు ఏదో లేఖకుని చొరవ ఏదో ఇక తేలదు. ఇటువంటి గ్రంథంలో దిద్దుబాటు కంటె దాని జాడకే విలువ ఎక్కువ.

ఈ జాడను నిలిపే పనిని పెద్ద ఎత్తున సాగించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884). ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, పాఠభేదాలను కాగితం మీదికి ఎక్కించాడు. 1829 నాటి వేమన పద్యాల ముద్రణలో 693 పద్యాలుండగా, 1839 నాటి ముద్రణలో 1164 ఉన్నాయి. పదేళ్లలో పెరిగిన ఆ సంఖ్య ప్రతుల సేకరణకు సాక్ష్యం. జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు మనకు తెలిసినవే. అయితే సహకరించిన పండితుని పేరు తెలియడం వేరు, ఫలానా అక్షరం ఎవరి చేతి మార్పో తెలియడం వేరు. రచయిత తానే తిరగరాసినప్పుడూ ఇదే చిక్కు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897, 1909 ముద్రణలు రెండూ మిగిలాయి గనుక తేడా చూడగలుగుతున్నాం. నడుమ జరిగిన ఆలోచన మాత్రం ఆ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టినా పూర్తిగా దొరకదు.

ఆ నడిమి దశను నమోదు చేయగల సాధనం వర్డ్‌లోని ట్రాక్ చేంజెస్. చేర్చినది, తొలగించినది, చేసినవారి పేరు, తేదీ అన్నీ ఫైలులోనే నిలుస్తాయి. మార్పులన్నిటినీ ఒక్కసారిగా ఆమోదించి భద్రపరిస్తే ఆ ప్రతిలో జాడ పోతుంది. బ్రౌన్ పండితులకు ఇంత సులువుగా చెరిపే వీలు లేదు. కాబట్టి ఆమోదానికి ముందే ఒక ప్రతిని వేరుగా దాచాలి, లేదా గుర్తులతో సహా ముద్రించుకోవాలి. ముద్రణ అమరికలలో ‘ప్రింట్ మార్కప్’ ఎంపిక చేస్తే గుర్తులు కాగితం మీదికి వస్తాయి. ‘లిస్ట్ ఆఫ్ మార్కప్’ మార్పుల పట్టికను మాత్రమే ఇస్తుంది. పీడీఎఫ్‌గా భద్రపరిచేటప్పుడూ ఐచ్ఛికాలలో గుర్తులతో కూడిన పత్రాన్ని కోరాలి.

కాగితానికి దాని పరిమితులున్నాయి. తెరపై సంపాదకులను రంగులు వేరుచేస్తాయి. నలుపు తెలుపు ముద్రణలో ఆ భేదం పోతుంది, అంటే పండితుల చేతులు మళ్లీ కలిసిపోతాయి. పక్క అంచున వ్యాఖ్యలు చేరితే పాఠం కుదించుకుపోతుంది. తెలుగుకు మరొక ఇబ్బంది: గుణింతపు గుర్తు ఒక్కదాన్నే మారిస్తే అది హల్లు నుంచి విడిపోయి, చుక్కల వలయంతో అచ్చు కావచ్చు. పదమంతా కొట్టి తిరిగి రాయడమే మేలు. పట్టిక పొడుగైనా చదివేవారికి అక్షరం విరగదు.

సంప్రదాయం పేరుతో మనం చేసే పని కంటె పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఔషధ పరిశ్రమల నియమం కఠినం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ప్రకటించిన ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన ప్రకారం, మార్పు మునుపటి సమాచారాన్ని మరుగుపరచరాదు. ఆ దేశానికి మందులు పంపే కర్మాగారం తన రికార్డులలో దీన్ని పాటించాలి. కాగితపు రికార్డులలో తప్పుపై ఒకే గీత గీసి, పాత అంకె కనిపించేటట్లుంచి, సంతకమూ తేదీ వేయడం ఆ రంగంలో అలవాటు. సిద్ధాంత వ్యాసపు ఫైలుకు మన శాఖల్లో ఈపాటి శ్రద్ధ అరుదు. పర్యవేక్షకుని సూచనలు, పరిశోధకుని అంగీకారాలు తుది ప్రతి సమర్పణతో అదృశ్యమవుతున్నాయి. ప్రతి అధ్యాయానికీ ఆమోదానికి ముందున్న ఫైలునూ, గుర్తులతో కూడిన పీడీఎఫ్‌నూ తేదీలవారీగా గ్రంథాలయానికి చేర్చడానికి అదనంగా కావలసింది నాలుగు నిమిషాలు, ఒక సంచిక సంఖ్య.