ఇరు వర్గాలూ కాల్చిన క్రైస్తవుడు

1553 జూన్ 17న ఫ్రాన్స్‌లోని వియన్ పట్టణంలో కథోలిక అధికారులు ఒక దిష్టిబొమ్మను తగలబెట్టారు. అసలు మనిషి అప్పటికే జైలు నుంచి తప్పించుకున్నాడు. నాలుగు నెలలు తిరిగాక, అక్టోబరు 27న, ప్రొటెస్టెంట్ల కోట అయిన జెనీవాలో ఆ మనిషినే సజీవంగా కాల్చారు. ఒకరినొకరు దుర్బోధకులని దుమ్మెత్తిపోసుకునే రెండు వర్గాలూ మైకేల్ సర్వీటస్ విషయంలో మాత్రం ఏకమయ్యాయి.

సర్వీటస్ స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంతం వాడు. ఇరవై ఏళ్ల వయసులోనే, 1531లో, త్రిత్వ సిద్ధాంతాన్ని తప్పుపడుతూ పుస్తకం అచ్చు వేయించాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడొక్కడే అన్న సిద్ధాంతానికి 325లో నైసియా, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలు రూపం ఇచ్చాయి. మన చర్చిల్లో ఇప్పటికీ చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణం ఆ వారసత్వమే. ఇదంతా బైబిల్లో లేదని, తర్వాతి పండితులు తత్వశాస్త్రం నుంచి తెచ్చి అతికించారని సర్వీటస్ వాదన. అలాగని ఆయన నాస్తికుడు కాదు. యేసును దేవుని కుమారుడిగానే కొలిచాడు. అసలైన క్రైస్తవాన్ని నిలబెడుతున్నది తానేనని నమ్మాడు.

పుస్తకంపై దుమారం రేగడంతో పేరు మార్చుకుని ఫ్రాన్స్‌లో వైద్యుడిగా స్థిరపడ్డాడు. అక్కడి నుంచే జెనీవాలోని మత సంస్కర్త జాన్ కాల్విన్‌తో ఉత్తరాల్లో వాదనకు దిగాడు. కాల్విన్ తన గ్రంథం పంపిస్తే, మార్జిన్ల నిండా తప్పులు ఎత్తిచూపి తిప్పి పంపాడు. ఇతను జెనీవాకు వస్తే ప్రాణాలతో వెళ్లనివ్వనని కాల్విన్ 1546లోనే మిత్రుడికి రాశాడు. 1553లో సర్వీటస్ రహస్యంగా అచ్చు వేయించిన ‘క్రైస్తవ మత పునరుద్ధరణ’తో గుట్టు రట్టయింది. ఆయన్ను పట్టివ్వడానికి కథోలిక విచారణాధికారులకు అందిన ఉత్తరాలు జెనీవా నుంచి వెళ్లినవే!

వియన్ జైలు నుంచి పారిపోయినవాడు ఏ ధైర్యంతో వెళ్లాడో గానీ, ఆగస్టు 13న జెనీవాలో దొరికిపోయాడు. చర్చిలో ప్రసంగం వింటుండగా గుర్తుపట్టారు. త్రిత్వాన్ని కాదనడం, పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోకపోవడం ప్రధాన నేరాలు. వకీలును ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. పేలు తినేస్తున్నాయని, బట్టలు చిరిగిపోయాయని, మార్చుకోవడానికి చొక్కా కూడా లేదని జైలు నుంచి నగర మండలికి మొరపెట్టుకున్నాడు. మండలి నాలుగు స్విస్ నగరాల అభిప్రాయం కోరితే, నాలుగూ ఆయన దోషేనన్నాయి. కాల్చడం బదులు తల నరకమని కాల్విన్ కోరినా మండలి వినలేదు.

మంటల్లో సర్వీటస్ ‘నిత్యుడైన దేవుని కుమారుడా’ అని యేసును వేడుకున్నాడు. ‘దేవుని నిత్య కుమారుడా’ అని ఉంటే త్రిత్వాన్ని ఒప్పుకున్నట్టయ్యేది. ఆ మాట ఆయన చివరిదాకా అనలేదు.

మరుసటి ఏడాదే సెబాస్టియన్ కాస్టెలియో అనే పండితుడు, మతద్రోహులను చంపరాదంటూ బాసెల్‌లో పుస్తకం తెచ్చాడు. మనతో ఏకీభవించని వాడికల్లా మతద్రోహి అని పేరు పెడుతున్నామన్నది ఆయన వాదన. 1568లో ట్రాన్సిల్వేనియాలోని టోర్డా శాసనం, బోధకుడు తనకు అర్థమైనట్టు సువార్త చెప్పుకోవచ్చంది. త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్లకు అక్కడ చోటు దొరికింది.

1903లో కాల్విన్ అనుయాయులే సర్వీటస్‌ను కాల్చిన షాంపెల్ గుట్ట మీద ఒక శిల నిలిపారు. కాల్విన్‌ను గౌరవిస్తూనే, ఆయన చేసింది ఆ కాలపు తప్పని దాని మీద చెక్కించారు. త్రిత్వాన్ని వారు వదులుకోలేదు. దాని కోసం మనిషిని చంపడం తప్పని ఒప్పుకోవడానికి మాత్రం 350 ఏళ్లు పట్టింది.