తిరగబెట్టే ల్యుకేమియా జాడ

పిల్లల ల్యుకేమియాకు మందు దొరికిన నాడే దాని మొండితనమూ బయటపడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. జబ్బు వెనక్కి తగ్గింది, కొద్ది నెలల్లో తిరగబెట్టింది. 1959లో డొనాల్ థామస్ రోగికి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి, అచ్చుగుద్దినట్టుండే కవల మజ్జ ఎక్కించినప్పుడూ అంతే. మజ్జ నాటుకుంది గానీ జబ్బు పోలేదు. ఎందుకు పోలేదో తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. దాత కణాలు రోగి ఒంటి మీదే దాడికి దిగే జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో ల్యుకేమియా తక్కువగా తిరగబెడుతోందని 1979లో సియాటిల్ వైద్యులు చూపారు. 1990లో 2,254 మంది వివరాలతో హొరోవిట్జ్ బృందం ఆ మాటను గట్టిపరిచింది. కవల కణాలకు ఆ ల్యుకేమియా పరాయిదిగా కనబడదు మరి. విచిత్రమేమంటే, ఈ దాడి మితిమీరకుండా ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీ మందే.

మన దేశంలో మొదటి మజ్జ మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో తొమ్మిదేళ్ల పాపకు జరిగింది. అప్పటికి వైద్యుల అంచనా మోటుది: జబ్బు ఏ రకం, ఎన్నోసారి తగ్గింది, అంతకుముందు ఎంత త్వరగా తిరగబెట్టింది. మైక్రోస్కోపు కింద చెడ్డ కణాలు కనబడకపోతే పిల్లలందరినీ ఒకే గాటన కట్టేవారు. 1998లో బ్రిస్టల్ బృందం 64 మంది పిల్లల్లో, మార్పిడికి ముందు దాగి ఉన్న కణాలను డీఎన్ఏ పద్ధతిలో వెతికి ఆ గాటను విడగొట్టింది. ఎక్కువ మిగిలినవారిలో రెండేళ్లు జబ్బు లేకుండా నిలిచినవారు సున్నా శాతం, కొద్దిగా మిగిలినవారిలో 36, ఏమీ దొరకనివారిలో 73. ఈ అంకెలను జాతకంలా చదివేయడం తేలిక. కానీ పరీక్షలో ఏమీ దొరకని పిల్లల్లోనూ నలుగురిలో ఒకరు నిలవలేదు, కొద్దిగా మిగిలిన పిల్లల్లో మూడోవంతు మంది నిలిచారు. మార్పిడికి ముందు తీసిన ఒక్క కొలతకు, రేపు దాత కణాలు ఏం చేస్తాయో తెలియదు.

అందుకే నా దృష్టిలో 2004 అంతకంటే పెద్ద మలుపు. జర్మనీలో పీటర్ బాడర్ బృందం మార్పిడి తర్వాత రక్తంలో దాత కణాలెన్ని, బిడ్డ సొంత కణాలెన్ని అని తక్కువ వ్యవధుల్లో పదేపదే లెక్కపెట్టింది. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మనకు పరిచయం చేసిన డీఎన్ఏ వేలిముద్రలకు ఈ పద్ధతి దగ్గరి చుట్టమే. సొంత కణాల వాటా పెరుగుతున్న పిల్లల్లో, వెంటనే రోగనిరోధకతను అణిచే మందులు తగ్గించో, దాత లింఫోసైట్లు (రోగనిరోధక తెల్ల కణాలు) ఎక్కించో జోక్యం చేసుకున్నప్పుడు మూడేళ్లకు 37 శాతం నిలిచారు. చేసుకోనప్పుడు ఎవరూ నిలవలేదు. జోక్యం అందనివాళ్లలో కొందరికి జబ్బు మరీ వేగంగా ముదిరి ఉండొచ్చు, అది చీటీ తీసి పంచిన పోలిక కాదు, అనే అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఒకసారి చూసి చెప్పే అంచనా కంటే వెంటబడి చూసే అంచనా మేలన్న మాట దానితో పడిపోదు. 2009లో మిలాన్ బృందం మరో చిక్కు చూపింది: సగం మాత్రమే సరిపోలిన దాతల మార్పిడుల తర్వాత కొన్ని ల్యుకేమియా కణాలు తనదో పరాయిదో చెప్పే కణపు గుర్తులైన హెచ్‌ఎల్‌ఏలో దాతకు పరాయిగా కనబడే భాగాన్నే వదిలించుకుంటాయి. అప్పుడు అదే దాత లింఫోసైట్లు ఎక్కించడం వృథా. తిరగబెడుతుందని చెబితే చాలదు, ఏ దారిన వస్తోందో కూడా చెప్పాలి.

తిరగబెడుతుందని ముందే తెలిసినా దేవరకొండ లాంటి ఊళ్ల వాళ్లేం చేస్తారు, డబ్బు కావద్దా అని అడగొచ్చు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. అది ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీగా నడిచే పథకం. నెలల తరబడి సాగే పరీక్షల వరుస ఆ అచ్చులో సులువుగా ఇమడదు. అయితే బాడర్ లెక్కకు మజ్జ తీయనక్కర్లేదు, చేతి నుంచి తీసిన రక్తం చాలు. డీఎన్ఏ పరీక్ష కాబట్టి దేవరకొండలో తీసిన నమూనా వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్ చేరినా చెడిపోదు. మందు తగ్గించడం ఖరీదైన పని కూడా కాదు. దాన్ని ఏ వారం మొదలుపెట్టాలో తెలియడమే కష్టం.