పీపా ప్రయాణము

తాటిచెట్టునుండి దింపిన కల్లు ఉదయమున తియ్యగా నుండి, ప్రొద్దు వాలునప్పటికి పులిసిపోవుట మన పల్లెలలో అందరు ఎరిగినదే. లొట్టిని ఎంత దూరము మోసికొని పోగలరో దాని వ్యాపారమంతవరకే. యవలతో కాచు బీరునకు ఐరోపాలో ఇట్టి చిక్కే మరియొక రూపమున నుండెను. మూతవేసిన కొయ్యపీపాలో అది కొంతకాలము నిలుచును. కొళాయి తగిలించి మొదటి పాత్ర నింపిన క్షణమునుండి చెడనారంభించును. ఏలయన, పీపానుండి ఎంత ద్రవము వెలికి వచ్చునో అంత గాలి లోనికి పోవలెను. లేనిచో ధార నిలిచిపోవును. ఆ గాలిలోని ఆమ్లజని రుచిని చెరచును. గాలితో వచ్చు సూక్ష్మజీవులు పానీయమును పులియజేయును. కొలది దినములలో పీపా ఖాళీ కానిచో మిగిలినదానిని పారబోయవలసినదే.

నేడు పలు దేశములలో విందులకును వేడుకలకును పీపాను వెంటగొనిపోయి, చల్లని బీరును నురుగుతో పంచి పెట్టుటకు ఒక చిన్న పెట్టెను వాడుచున్నారు. దానిని కనిపెట్టినవాడెవడని అడుగుటకంటె, పీపాలోనికి గాలిని రానీయకుండుట ఎవరు నేర్పిరని అడుగుట మేలని మా అభిప్రాయము. శ్రోతలలో మద్యనిషేధమును కోరువారు అనేకులుందురు. వారికొక మాట: ఇందలి శాస్త్రము గోలీసోడాకును చెల్లును.

ఇంగ్లండులో తాళముల తయారీకి పేరొందిన జోసఫ్ బ్రామా 1797లో ఒక పేటెంటు పొందెను. ఆనాటి పానశాలలలో పీపాలు నేలమాళిగలో నుండెడివి. పనికుఱ్ఱలు కూజాలతో మెట్లు ఎక్కుచు దిగుచు నుండెడివారు. ద్రవముపై కదలెడి మూతనుంచి, దానిపై ఇసుక నింపిన బరువైన పెట్టెనుంచినచో, ఆ బరువునకు బీరు గొట్టముగుండ తానే పైకెక్కునని బ్రామా తలచెను. గాలికి చోటే లేదు! ఊహ చక్కనిదే, కాని ఇసుకపెట్టెను విందుకు మోయువాడెవడు? లోకమున స్థిరపడినది చేతిపంపు. అది కుఱ్ఱల కాళ్ళకు విశ్రాంతి నిచ్చినది గాని, పీపాలోనికి గాలి పోవుటను ఆపలేదు.

ఉపాయము బీరు కాచు తొట్లలోనే పొంచియున్నది. 1767లో జోసఫ్ ప్రీస్ట్‌లీ లీడ్సు నగరమున ఒక బీరు కార్ఖానా ప్రక్కన నివసించుచుండెను. పులియుచున్న తొట్లపై ఒక వాయువు పొరగా నిలిచియుండుటను, అందులో దీపము ఆరిపోవుటను ఆయన గమనించెను. ఆ పొరలో నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పలుమారులు పోయగా, నీరు చుఱుకైన రుచిని పొందెను. అదే బొగ్గుపులుసు వాయువు. సోడానీటి పుట్టుక ఇది. ఒత్తిడి హెచ్చినకొలది ద్రవములో కరగు వాయువు హెచ్చునని 1803లో విలియం హెన్రీ నిర్ణయించెను. బీరులో స్వభావముగ కరగియున్నది ఈ వాయువే గనుక, గాలికి బదులు దీనితోనే బీరును వెలికి నెట్టినచో ఆమ్లజనివలని చెఱుపు తప్పును, నురుగును చావదు.

అయితే వాయువును మోయుట ఎట్లు? 1823లో ఫారడే దానిని ద్రవముగ మార్చెను. 1835లో ఫ్రాన్సున తిలోరియే దానిని మంచువలె గడ్డకట్టించెను. ఇది ఆటకాదు: సాధారణమైన గదివేడిమిలో ఆ ద్రవమునుంచిన పాత్రపై ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి ఏబది రెట్లకు మించును. 1840లో పారిసున అట్టి పాత్ర పగిలి ఒక యువసహాయకుడు ప్రాణములు కోల్పోయెను. గట్టి ఉక్కుసీసాలు చేయ నేర్చినపిదప, 1880 దరిదాపున జర్మనీలో విల్హెల్మ్ రైట్ అను పండితుడు ద్రవరూపమున నున్న ఈ వాయువును బీరు నెట్టుటకు పూనుకొనెను. ఒక కిలో ద్రవము విడుదలైనచో సుమారు 500 లీటర్ల వాయువగును. ఇసుకపెట్టె చేయవలసిన పనిని చంకనిడుకొనిపోదగిన సీసా చేయసాగెను.

ఇక చల్లదనము. వెచ్చబడిన బీరు వాయువును పట్టియుంచలేదు. పాత్రలో నురుగే మిగులును. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టనునుండి ఓడలో ఐసుగడ్డలను కలకత్తాకు పంపెను. సగమునకు మించి కరగక చేరెను. మద్రాసు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారపు గురుతే. తరువాత దానికి వివేకానందుని పేరు వచ్చెను. 1870లలో కార్ల్ లిండే మ్యూనిక్ బీరు కార్ఖానాలకై శీతలయంత్రములు నిర్మించినపిదప ఓడ ఐసు అవసరము క్రమముగా తగ్గెను.

1944లో నార్మండీ తీరమున మిత్రసేనలు దిగినపిదప, బ్రిటిష్ వైమానికులు స్పిట్‌ఫైరు విమానముల రెక్కలక్రింద బాంబులు తగిలించుచోట బీరుపీపాలను తగిలించి కాలువ దాటించిరి. ఎత్తున వీచు చలిగాలియే వాటిని చల్లబరచెను. ఇంధనపు తొట్లను కడిగి నింపినవారును కలరు. అందులోని బీరు రుచి మెచ్చదగినదిగా లేకపోయెనట. ఆశ్చర్యమేమున్నది?

నేటి విందుపెట్టెకు అనువైన పాత్ర చల్లని పానీయముల వ్యాపారమునుండి వచ్చినది. తియ్యని పాకము నింపుటకై చేసిన, సుమారు 19 లీటర్లు పట్టు స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలను, పాకమును సంచులలో పంపుట మొదలైనపిదప వ్యాపారులు చవుకగా అమ్మివేసిరి. అమెరికాలో ఇంట బీరు కాచుకొనుటకు 1978లో కేంద్రశాసనమై 1979లో అమలు కాగా, అట్టివారు వానిని కొనిరి. (మన దేశమున అనుమతి లేక ఇంట బీరు కాచుట నేరము.) పెట్టెలో ఏబది అడుగులకు మించిన సన్నని ఉక్కుగొట్టపు చుట్ట యుండును. దానిని ఐసుతో మాత్రమే కప్పరాదు. గడ్డలు గొట్టమును అక్కడక్కడ మాత్రమే తాకును. నీటిని గూడ పోసినచో చుట్ట అంతటను చల్లదనము తగులును. పొడుగుపాటి గొట్టములో రాపిడి హెచ్చు. అందుచే చదరపు అంగుళమునకు 12 పౌండ్లు చాలుచోట 25 మొదలు 30 పౌండ్లవరకు ఒత్తిడి కావలెను. సిలిండరును నిలువుగా కట్టి, ఒత్తిడి తగ్గించు రెగ్యులేటరు లేక పాత్రకు తగిలించరాదు. ఆ వాయువు గాలికంటె బరువైనది, వాసనలేనిది. తలుపులు మూసిన గదిలోగాని మోటారుకారులోగాని కారినచో మనిషికి తెలియకయే ఊపిరి ఆడనీయదు. విందు ముగిసినరాత్రియే చుట్టను క్షారజలముతో కడిగి, మంచినీటితో తొలచి, లోపల చెమ్మ మిగులకుండ ఆరబెట్టుదురు.