యన్ అంటే తప్పా?

పట్నంలో చదివే పిల్లలు "అమ్మమ్మా, యన్ కాదు, ఎన్" అని నవ్వడం మీరూ వినే వుంటారు. పాపం, ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది.

మాట మొదట 'ఎ' వస్తే మన నోట 'య' తోడవుతుంది: యెక్కడ, యెప్పుడు. ఇంగ్లీషు అక్షరాలకీ అదే మర్యాద చేశాం. గుంటూరు ఏ.సి. కాలేజీలో చదువుకున్న రామారావుగారి పేరు యన్.టి. అని కూడా అచ్చయ్యేది. 1970లలో మన నల్లరేగళ్ళలో పండిన పత్తి యం.సి.యు.5. ఆ మూడక్షరాల్లో మద్రాసు, కంబోడియా, ఉగాండా దాగున్నాయని ఎందరికి తెలుసు!

ఈ తంటా మనకొక్కరికే కాదండీ. 1887లో వార్సాలో డాక్టర్ జామెన్‌హాఫ్, అందరికీ సులువుగా వుండాలని ఎస్పెరాంటో భాష కట్టి అచ్చువేశాడు. అందులో డబుల్యూ అక్షరమే లేదు. తీరా ఇంటర్నెట్ వచ్చి చిరునామాల ముందు మూడేసి డబుల్యూలు తగిలించేసరికి, వాళ్ళు "జర్మను వో" అనీ, "జంట వో" అనీ చదువుకోవలసి వచ్చింది. మన డబుల్యూ కంటే జంట వో నయమేమో!

2011లో తెలుగు లిపిలో '.భారత్' కూడా ఆ చిరునామాల్లో చేరింది. అయినా ఈ-మెయిలుకి ఇంకా ఇంగ్లీషు అక్షరాలే అడుగుతున్నారు. ఫోనులో మీ అత్తగారు "యస్" అంటే దిద్దకండి, అవతలివారికి తెలుస్తుంది. యమ్మూ యన్నూ దగ్గరే చిక్కు. "మద్రాసు యం, నెల్లూరు యన్" అని చెప్పమనండి.