పశ్చిమ ప్రకాశంలో పర్యాటక ప్రభావాలు

పశ్చిమ ప్రకాశం అని వాడుకలో పిలువబడే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాలకు యాత్రికుల రాకపోకలు పెరగడం వలన అక్కడి ప్రజల జీవనంలోను, నల్లమల అడవిలోను వచ్చిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఇక్కడికి వచ్చేవారిలో అధిక భాగం శ్రీశైలానికి పోతూ దారిలో ఈ ఊళ్ళను దాటేవారే. అందువలన యాత్రికుని ఖర్చులో పెద్ద భాగం కొండమీద జరుగుతుంది; దారి భారం మాత్రం ఈ ప్రాంతంపై పడుతుంది.

నేపథ్యం

శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారంగా త్రిపురాంతకం ప్రసిద్ధి చెందినది. గుంటూరు, వినుకొండల వైపు నుండి వచ్చేవారు త్రిపురాంతకం, యర్రగొండపాలెం మీదుగాను, గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగినవారు బస్సులోను దోర్నాల చేరుకుంటారు. అక్కడి నుండి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు దట్టమైన అడవి గుండా పోతుంది. మహాశివరాత్రి, కార్తీక మాసం, ఉగాది రోజులలో ఈ దారిలో రద్దీ ఎక్కువ. శివదీక్ష తీసుకున్న భక్తులు కాలినడకన కూడా ఈ దారిని పోతారు.

1990లలో నల్లమలలో నక్సలైట్ ఉద్యమం బలంగా ఉండుటచే రహదారి వదలి అడవిలోకి వెళ్ళే సందర్శకులు అరుదు. 2000ల మధ్య నుండి ఆ పరిస్థితి మారినది. సొంత కార్లు పెరిగాయి. ఒకప్పుడు చెంచులకు, కొద్దిమంది సాధకులకు తప్ప తెలియని ఇష్టకామేశ్వరి ఆలయానికి ఇప్పుడు జీపులలో వెళ్తున్నారు. దోర్నాల - శ్రీశైలం దారిలోని తుమ్మలబయలు వద్ద అటవీశాఖ జంగిల్ సఫారీ నడుపుతున్నది.

ఆర్థిక ప్రభావం

దోర్నాల కూడలిలోని హోటళ్ళు, టీ దుకాణాలు, పండ్ల బండ్లు, అద్దె వాహనాలు ప్రధానంగా ఈ రాకపోకల మీదనే ఆధారపడినవి. అయితే ఇది పండుగల రాబడి. తక్కిన రోజులలో పలచబడుతుంది. మార్కాపురం పట్టణానికి పేరు తెచ్చినది పలకల పరిశ్రమ. అక్కడి లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం విజయనగర కాలపు శిల్పకళకు పేరుపొందినదే అయినా, శ్రీశైలం బస్సు కోసం నిలబడినవారందరూ దానిని చూచి వెళ్ళరు.

పర్యాటకుడు ఖర్చు చేసిన సొమ్ము ఆతిథ్యమిచ్చే చోట నిలువక బయటికి పోవడం అనేక దేశాలలో కనిపించే సమస్య. దీవులలో విదేశీ కంపెనీల హోటళ్ళ ద్వారా అది జరుగుతుంది. ఇక్కడ కారణం మరింత సామాన్యమైనది: యాత్రికుడు రాత్రి బస చేయడు. ఇటలీలోని వెనిస్ నగరం ఇదే విధంగా పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారిపై, రద్దీగా ఉండే కొన్ని రోజులలో, 2024 ఏప్రిల్ 25 నుండి 5 యూరోల ప్రవేశ రుసుము విధించినది.

అడవిపై ప్రభావం

నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చినది. రాష్ట్ర విభజన తరువాత ఉత్తర భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయినది. దోర్నాల ఘాట్ రోడ్డు ఈ అభయారణ్యం గుండానే పోతుంది. వన్యప్రాణులు వాహనాల కింద పడకుండా రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు దోర్నాల చెక్‌పోస్టు వద్ద వాహనాలను ఆపుతారు. శివరాత్రి బ్రహ్మోత్సవాల వేళ ఈ నిబంధనను సడలించడం కలదు. అనగా రద్దీ అత్యధికంగా ఉన్న రాత్రులలోనే జంతువులకు ఆ రక్షణ ఉండదు.

దారిలో వదిలివేసే ప్లాస్టిక్ మరొక సమస్య. అన్నదానాలలో అడ్డాకు, మోదుగాకు విస్తర్లకు బదులు ప్లాస్టిక్ పూత గల పళ్ళేలు వచ్చిన తరువాత ఇది పెరిగినది. ఆకు విస్తరి వానకు మట్టిలో కలుస్తుంది. ఈ పళ్ళెం కలవదు. మిగిలిన ఆహారం వాసనకు జింకలు, అడవిపందులు రోడ్డు పక్కకు వస్తాయి. పుణ్యమని అరటిపండ్లు వేయడం వలన కోతులు అడవిలో మేత వెదకడం మాని వాహనాల కోసం కాచుకొని, చక్రాల కింద పడుతున్నాయి.

చెంచులు

ఈ అడవికి అసలు ఆతిథేయులు చెంచులు. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా కొలిచే సంప్రదాయం వీరిది. తేనె, జిగురు, కుంకుడుకాయలు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మడం వీరి జీవనాధారాలలో ఒకటి. అటవీశాఖ వీరిలో కొందరిని అడవి కాపలాకు నియమించినది. పులి జాడలు గుర్తించుటలో వీరి నేర్పు పేరుపొందినది.

2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కులను గుర్తించినది. అదే సంవత్సరం సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, పులుల కీలక ప్రాంతాలలోని కుటుంబాలు స్వచ్ఛందంగా అంగీకరిస్తే బయట పునరావాసం కల్పించవచ్చునన్నది. కీలక ప్రాంతాలలో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు 2012 జూలైలో తాత్కాలికంగా నిలిపివేసి, కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించిన పిమ్మట అక్టోబరులో అనుమతించినది. గూడెం వాసిని వెలుపలికి రమ్మని, సందర్శకునికి లోపలికి దారి ఇవ్వడంలోని వైరుధ్యం దేశంలోని అనేక అభయారణ్యాలలో వివాదమైనది.

నీరు

ఈ ప్రాంతం కరువు నేల. భూగర్భజలాలలో ఫ్లోరైడ్ అధికం. వేసవిలో మార్కాపురం వంటి పట్టణాలకు కూడా ట్యాంకర్లతో నీరు అందించవలసి వస్తుంది. శ్రీశైలం జలాశయపు నీటిని సొరంగాల ద్వారా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. బస పెరిగితేనే రాబడి స్థానికంగా నిలుస్తుంది. బస పెరిగితే నీటి వాడకమూ పెరుగుతుంది. లాడ్జీ గదికి కావలసిన నీరు, ఊరి కుళాయికి కావలసిన నీరు ఒకే మూలం నుండి రావలసినదే.

ఇతర సందర్శన స్థలాలు

నల్లమలలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఆలయానికి గిద్దలూరు వైపు భక్తులు ప్రధానంగా శనివారాలలో వెళ్తారు. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన గుహాలయాలు కొండరాతిని తొలిచి చేసినవి. పక్కనే జలపాతం కలదు. విజయనగర కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిర్మించిన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో వారసత్వ సేద్యపు కట్టడంగా గుర్తించినది. వానలు తప్పిన సంవత్సరాలలో ఈ చెరువులో నీరు అడుగంటుతుంది. అప్పుడు ఆయకట్టు రైతుకు పంట, కట్టమీది చిరుతిండ్ల వ్యాపారికి బేరం రెండూ తగ్గుతాయి.