చిన్న పెంపుడు జీవాల్లో దగ్గరి రక్తసంబంధపు జతల నివారణ

ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లను గానీ, తల్లినీ కొడుకునూ గానీ జతకట్టించడాన్ని జీవశాస్త్రంలో అంతఃప్రజననం అంటారు. బడ్జీలు, కాక్‌టెయిల్స్, ఫించ్‌లు, హామ్‌స్టర్లు, గినీ పందుల వంటి విదేశీ జీవాల పెంపకంలో ఇది తరచూ పెంచేవారికి తెలియకుండానే జరిగిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్ముడుపోయేవి ఎక్కువగా బడ్జీలే. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పక్షిని పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1840లో ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. పంజరాల్లో దాని వంశవృద్ధి ఆ తర్వాత మొదలైంది.

పక్షుల సంగతి కొత్తదైనా సమస్య ఈ ప్రాంతానికి పాతదే. గొర్రెల మందలో ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి ఉంచితే అది తన కూతుళ్లనే దాటుతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి పొట్టేలును మార్చాలని, వేరే ఊరి మంద నుంచి తెచ్చుకోవాలని పశువైద్యులు చెబుతారు. 2017 జూన్‌లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అలాంటి మందలో పుట్టిన ఆడ గొర్రెపిల్లలు ఎదకు వచ్చేలోపు ఆ పొట్టేలు మారకపోతే తండ్రీకూతుళ్ల జత తప్పదు. గొర్రెకు వర్తించే ఈ లెక్కే పంజరంలోని పక్షికీ వర్తిస్తుంది.

18వ శతాబ్దంలో ఇంగ్లండు రైతు రాబర్ట్ బేక్‌వెల్ దగ్గరి జతలను కావాలనే కట్టించి, కోరిన లక్షణాలు స్థిరపడిన గొర్రెల జాతిని తయారుచేశాడు. దగ్గరి జతల నష్టాన్ని అంకెల్లో చూపినవి గినీ పందులు. అమెరికా వ్యవసాయ శాఖ 1906లో వాటి అన్నాచెల్లెళ్ల జతలతో మొదలుపెట్టిన ప్రయోగాన్ని 1915లో జన్యుశాస్త్రవేత్త స్యూవాల్ రైట్ చేపట్టాడు. తరాలు గడిచేకొద్దీ ఆ కుటుంబాల్లో సంతానం తగ్గింది, బలం సన్నగిల్లింది. రెండు వేర్వేరు కుటుంబాలను కలిపితే మళ్లీ పుంజుకుంది. 1922లో అతను ప్రకటించిన అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుని జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే అవకాశం) ప్రకారం అన్నాచెల్లెళ్ల జతకు పుట్టిన పిల్లలో ఈ విలువ 25 శాతం. అదే పద్ధతి సాగితే రెండో తరంలో 37.5, మూడో తరంలో 50 శాతం. ప్రతి ప్రాణిలోనూ కొన్ని లోపభూయిష్ట జన్యువులు అంతర్గతంగా దాగి ఉంటాయి. ఒకటే ఉంటే అణిగి ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వస్తే లోపం బయటపడుతుంది.

ఈ అంకెలు తెలుగువారికి మరోచోట బాగా తగులుతాయి. మేనమామ, మేనకోడలి పెళ్లికి పుట్టే బిడ్డకు గుణకం 12.5 శాతం, మేనబావ, మేనమరదళ్ల బిడ్డకు 6.25. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల సంఖ్యనూ వాటి ప్రభావాలనూ అధ్యయనం చేసి 1963లో ప్రచురించారు. మనుషుల విషయంలో ఇంత చర్చ జరిగిన నేలమీద పంజరంలోని జతను మాత్రం రంగు చూసి కట్టేస్తున్నారు.

పెంపుడు హామ్‌స్టర్ చరిత్ర దీనికి ఒక విపరీతమైన ఉదాహరణ. 1930లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజ్రాయెల్ అహరోనీ సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో ఒక తల్లినీ 11 పిల్లలనూ తవ్వి తీయించాడు. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని తప్పించుకున్నాయి. మిగిలిన తోబుట్టువులే జతకట్టాయి. నేటి పెంపుడు బంగారు హామ్‌స్టర్లలో అత్యధికం వాటి సంతతే. అవి బతికి బట్టకట్టాయి కదా అని ధైర్యపడటం పొరపాటు. అలా నిలవని వంశాల గురించి చెప్పడానికి మన ముందు ఏదీ మిగలదు.

బడ్జీ ఒక్క విడతలో 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది, 18 రోజులకు అవి పిల్లలవుతాయి. పిల్లలు ఆరు నెలలు దాటేసరికి జతకు సిద్ధం. నాలుగు కుండలు కట్టిన ఒకే పంజరంలో అన్నిటినీ కలిపి వదిలేస్తే ఏడాదిలోనే తోబుట్టువులు జతకడతాయి. పసుపు రంగు లుటినో కాక్‌టెయిల్ జుట్టు కింద వేలితో ఎత్తి చూస్తే ఈకలు లేని బట్టతల మచ్చ కనిపించవచ్చు. ఆ రంగును త్వరగా పెంచాలని తొలినాళ్లలో దగ్గరి జతలు కట్టినందువల్లే అది వంశంలో పాతుకుపోయిందని పెంపకందారులు చెబుతారు. ఒకే దుకాణంలో, ఒకే పంజరం నుంచి పోతునూ పెట్టనూ కొంటే అవి తోబుట్టువులయ్యే అవకాశం ఎక్కువ. రెండు దుకాణాలూ ఒకే టోకు వ్యాపారి దగ్గర సరుకు తెచ్చుకుంటే ఊరు మారినా రక్తం మారదు.

జంతుప్రదర్శనశాలలు దీనికి విరుగుడుగా వంశావళి పుస్తకాన్ని వాడతాయి. యూరప్ అడవిదున్నకు 1932లోనే అలాంటిది వచ్చింది. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల తోడ్పాటుతో 2010లో మూషిక జింకల సంరక్షణ ప్రజననం మొదలైంది. 2017లో అక్కడ పెరిగిన జింకలను అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఇంట్లో పెంచేవారికి అంత ఏర్పాటు అక్కర్లేదు. పక్షి పిల్లకు వారం, పది రోజుల వయసులో కాలికి నంబరు ఉన్న అతుకులేని రింగు తొడిగితే పాదం పెరిగాక అది ఊడదు. నోటుపుస్తకంలో ఆ నంబరు, తల్లిదండ్రుల నంబర్లు, పొదిగిన తేదీ, రంగు రాసుకోవాలి. కనీసం రెండు మూడు తరాల వరకు ఉమ్మడి పూర్వీకులు లేని జతను ఎంచుకోవాలి. సందేహాలు తీర్చడానికి కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది.

2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నాటి నియమాల ప్రకారం వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం పట్టికల్లోని మకావ్, ఇగ్వానా వంటి జీవాలు ఉన్నవారు వాటి వివరాలను, వాటికి పుట్టిన పిల్లల వివరాలను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బడ్జీ, కాక్‌టెయిల్ ఆ పట్టికల్లో లేవు. కాబట్టి వాటి వంశం ఎవరి లెక్కలోనైనా ఉండాలంటే అది పెంచేవారి నోటుపుస్తకంలోనే.